మూడుసార్లు చెప్పిన మాట

“జనం ఎక్కడ?” అంది ఆమె, హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెడుతూ.

రేడియో ఆర్కైవ్‌లో పాత టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆ కుర్రాడికి ప్రశ్న అర్థం కాలేదు. “ఏ జనం?”

“మైదానం కిక్కిరిసిపోయిందని పేపర్లన్నీ రాశాయి. మీ రికార్డింగ్‌లో నాయకుడు ఖాళీ గదిలో తనలో తాను మాట్లాడుకుంటున్నాడు.”

“ఓ, అదా. దగ్గులూ, గోలా, పిల్లల ఏడుపులూ మొత్తం సాఫ్ట్‌వేర్‌తో తీసేశానండి. నీట్‌గా లేదూ?”

ఆమెకు ఒళ్ళు మండింది. “ఇస్త్రీ చేసి పెట్టారన్నమాట. నేను పరిశోధించే కాలమంతా ఆ గోలలోనే ఉందండీ, ఇస్త్రీ మాస్టారూ.”

అతనికి ఆ పేరు ఖాయమైపోయింది. బదులుగా ఆమె స్కాలరమ్మగారైంది.

ఆడవాళ్ళకు కొత్తగా ఓటు వచ్చిన రోజుల్లో చేసిన ప్రసంగమది. “ఇకపై మిమ్మల్ని అడక్కుండా మీ గురించి ఏ నిర్ణయమూ జరగదు” అని నాయకుడు మూడుసార్లు అన్నాడు. అది వక్తృత్వానికి పరాకాష్ఠ అని పాఠ్యపుస్తకాలు మెచ్చుకుంటాయి. ఆమె పిహెచ్‌డి గైడ్ దాని మీదే పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం ఆ మూడోసారి గొంతు మీద అనుమానం.

“అది ఉపన్యాసం గొంతు కాదు. మేడమీదున్న నన్ను మా అమ్మ భోజనానికి పిలిచే గొంతు. ఎవరికో వినపడక అరుస్తున్నాడు. రుజువు లేకుండా సెమినార్‌లో ఈ మాటంటే మా గైడ్ నన్ను ఉతికి ఆరేస్తారు.”

“ఇస్త్రీకి నేనున్నాగా.”

“జోకులొద్దు. అసలు టేపు వినిపించండి.”

అతని నవ్వు ఆగిపోయింది. గోల తీసేయని కాపీని అతను దాచలేదు. టేపు జిగురు పట్టిపోయింది. సన్నటి వేడిలో ఆరబెడితే ఇంకొక్కసారి ఆడొచ్చు, ఆ తర్వాత దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆర్కైవ్ ఆఫీసరు కుదరదన్నాడు. ఆమె వెళ్ళిపోలేదు. రోజూ వచ్చి ఆయన గది ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. చివరికి కుర్రాడే లోపలికెళ్ళాడు.

“తప్పు నాది సార్. గోల కదా అని వినకుండానే తీసేశాను. టేపు పాడైతే నా ఉద్యోగం తీసేయండి.”

తలుపు బయట ఆ మాట విన్నాక ఆమెకు అతని మీద కోపం నిలబడలేదు.

ఆఫీసరు సంతకం పెట్టాడు. టేపు తిరిగింది. జనం హోరు గదంతా నిండింది. మొదటిసారి ఆ వాక్యం మధ్యలో మైకు గరగరలాడింది. ఎక్కడో వెనక, అడ్డంగా తాడు కట్టి ఆడవాళ్ళను వేరుగా నిలబెట్టిన చోటినుంచి ఒక గొంతు: “వినపడలేదు. మళ్ళీ చెప్పు.” నాయకుడు మళ్ళీ చెప్పాడు. “ఇటు తిరిగి చెప్పు,” అంది ఇంకొకావిడ. మూడోసారి ఆయన గొంతు చించుకున్నాడు. “ఆ, ఇప్పుడు వినపడింది.”

ఆమె కళ్ళు తుడుచుకుంది. అతను చూసీ చూడనట్టు వాల్యూమ్ సరిచేశాడు.

సెమినార్‌లో గైడ్ కొత్త కాపీలోని ఆ ముక్కను కుర్రాడి చేత రెండోసారి పెట్టించుకుని విన్నారు. “మూడుసార్లు ఆ ఆడవాళ్ళే చెప్పించారన్నమాట. నా పుస్తకం తిరగరాయాలి,” అని గొణిగి, వరండాలోకి నడిచారు.

బయట వాన దంచుతోంది. ఆమె గొడుగు విప్పింది. అతను మెట్ల మీద తడుస్తూ నేలచూపులు చూశాడు.

“స్కాలరమ్మగారూ, మీరంటే నాకిష్టం.”

ఆమెకు ప్రతి అక్షరమూ వినపడింది.

“వినపడలేదు. మళ్ళీ చెప్పండి.”

చెప్పాడు.

“ఇటు తిరిగి చెప్పండి.”

ఈసారి వానను మించి అరిచాడు. వరండాలో గైడ్ వెనక్కి తిరిగి చూశారు.

“ఆ, ఇప్పుడు వినపడింది,” అని ఆమె గొడుగు అతని వైపు జరిపింది.