మాడని రొట్టెలు

ఉదయం ఆరుంపావు. బేకరీ వెనకగదిలో, పొయ్యి ఎదురుగా, యజమాని బోర్లా పడి ఉన్నాడు. తల చితికిపోయింది. పక్కన పిండి ఒత్తే లావుపాటి కర్ర రెండు ముక్కలై ఉంది. రక్తం గోడ మీద నిలువెత్తున చిమ్మింది.

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. మొదటి దెబ్బకే పోయినవాణ్ణి చచ్చిన పామును కొట్టినట్టు కొట్టారు.

పిండిబస్తా మీద మృతుడి తమ్ముడు కూర్చుని ఉన్నాడు. బేకరీలో పిండి కలిపేది అతనే. కోపం ముక్కుమీదే ఉంటుందని వీధంతా పేరు.

"నేనే చంపాను సార్."

"ఎందుకు?"

"మాటా మాటా పెరిగింది. ఒళ్ళు తెలీలేదు."

"తర్వాత?"

"ఇక్కడే కూర్చున్నా. కదల్లేదు."

"మరి పొయ్యిలో రొట్టెలు?"

తమ్ముడు తెల్లమొహం వేశాడు. "ఏమో సార్. మాడిపోయుంటాయి."

కానిస్టేబుల్ అప్పటికే బేడీలు తీశాడు. నేరం ఒప్పుకున్నవాడు ఎదురుగా ఉంటే ఇంకా వెతుకులాట దేనికని అతని గొడవ. ఇన్‌స్పెక్టర్ మాత్రం ముందుగదిలోకి నడిచాడు.

రొట్టెలు మాడలేదు. అరల్లో వరసగా, దోరగా కాలి ఉన్నాయి. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. పోలీసులంతా వాటి పక్కనుంచే వచ్చారు గానీ, ఒక్కరూ ఒక్కటి తిరగేసి చూడలేదు. ఆయన తిరగేశాడు. అడుగున వేలి కణుపుల ముద్ర, ఎర్రగా. రెండోదానికీ అంతే. మూడోదానికీ అంతే.

మేడమెట్ల మీద మృతుడి భార్య కూర్చుని ఉంది. పొయ్యి పని ఆమెది.

"రొట్టె కాలిందో లేదో ఎలా తెలుస్తుందమ్మా?"

"అడుగున తట్టి చూస్తామండీ. డొల్లగా మోగితే కాలినట్టు." అంటూనే ఆయన చేతిలో రొట్టె చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇవి... ఎవరు తీశారు?"

"వదినకేం తెలీదు సార్!" తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వు నోరుమూసుకో. రొట్టెలు బయటికొచ్చిన సంగతే నీకు తెలీదు. దొడ్డిగుమ్మంలోంచి వచ్చావు. ఈవిడ చేతులు కడిగి మేడమీదికి పంపావు. అవునా?"

తమ్ముడు గోడకు ఆనుకుని భోరుమన్నాడు. ఆమె ఏడవలేదు.

"తొమ్మిదేళ్ళు కొట్టాడండీ. పడ్డాను. ఇవాళ వెళ్ళిపోతానన్నాను. కొట్టలేదు. నవ్వాడు. 'నీ మొహానికి ఎవడు కూడు పెడతాడే' అని పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత కర్ర విరిగిన చప్పుడొక్కటే గుర్తుంది."

కానిస్టేబుల్ పెదవి విరిచాడు. "మొగుణ్ణి చంపి, రొట్టెలు తట్టి చూసి మరీ తీసింది. ఒళ్ళు తెలీకపోవడమేంటి సార్? నిదానంగానే చేసింది. ఉరే."

ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్ళు మండింది. అయినా గొంతు పెంచలేదు.

"చేతులు కడుక్కోకుండా ఎప్పుడైనా రొట్టె ముట్టావా అమ్మా?"

"ఛఛ! పదిమంది తినేదండీ. ఏనాడూ లేదు."

"విన్నావా? తెలివిలో ఉన్న మనిషైతే ముందు చేతులు కడుక్కునేది. చేతులు అలవాటు కొద్దీ పనిచేసుకుపోయాయి. మనిషి అక్కడ లేదు."

ఆయన రొట్టెను జాగ్రత్తగా సంచిలో పెట్టాడు.

"ఒక్కటీ పోకూడదు. అన్నీ కోర్టుకు రావాలి. ఈవిడ తరఫున సాక్ష్యం చెప్పడానికి ఇవి తప్ప ఎవరూ లేరు."