తేటపడిన గుంట

“కామాక్షమ్మగారూ, నా కొంప మునిగింది!” అంటూ హెబ్రోను చెప్పులైనా విప్పకుండా లోపలికి వచ్చాడు.

తోటపల్లి గూడూరు దగ్గర అతనికి రొయ్యల గుంటలున్నాయి. వాటి మురుగునీటికి వాగులో చేపలు చస్తున్నాయని జాలరులైన పల్లెకారుల పెద్ద పోలేరయ్య గొడవపడితే, రెండు నెలల కిందట శుద్ధి గుంట తవ్వించాడు. అందులో నీళ్లను పచ్చగా ఉంచే పాచి, జిలేబి అనే తిలాపియా చేపలు మురుగును తినేస్తాయి. ఈరోజు పదింటికి పోలేరయ్య చూసి సరేనంటేనే నీళ్లు వదలాలి. కాదంటే ఆ నీళ్లు వాగులోకి రాకుండా పల్లెకారులు అడ్డుకట్ట వేస్తారు, హెబ్రోను సాగు ఆగిపోతుంది.

“తెల్లారి చూస్తే చేపలన్నీ తేలినాయి. పోలేరయ్యే మందు కలిపినాడు. కేసు పెడతా!”

“ముందు గుంట చూద్దాం పద,” అంది డిటెక్టివ్ కామాక్షమ్మ. ఆమె సహాయకుడు, రిటైరైన బస్సు కండక్టరు పెంచలకృష్ణ, స్కూటరు తీశాడు.

గుంటలో అడుగు కనిపిస్తోంది.

“ఎంత తేటగా ఉందక్కా!” అన్నాడు పెంచలకృష్ణ.

“అదే నాకు నచ్చలా,” అంటూ ఆమె దోసెడు నీళ్లు తీసి వాసన చూసింది.

హెబ్రోను తండ్రి క్రీస్తుదాసు టీ తెచ్చాడు. కొత్త నీలం లుంగీ మీద అక్కడక్కడా తెల్లటి మచ్చలు.

“వేలూరు ఆస్పత్రిలో మూడు నెలలుండి కళ్లు బాగుచేయించుకోని మొన్ననే వచ్చినాను తల్లీ. ఇప్పుడు గడ్డిపోచ గూడా కనపడతా ఉంది.”

“రొయ్యపిల్లల్ని వదిలేముందు గుంటను ఎట్లా సిద్ధం చేస్తారు పెద్దాయనా?”

“బ్లీచింగు కొట్టి! ఇరవై ఏళ్లుగా నా చేత్తోనే.”

పదింటికి పోలేరయ్య రాగానే కామాక్షమ్మ అందరినీ గట్టు మీద నిలబెట్టింది.

“పురుగుమందు కలిపితే చేపలు చస్తాయి గానీ పచ్చనీళ్లు ఒక్కరాత్రిలో తేటపడవు. బ్లీచింగు పాచినీ చంపుతుంది, చేపనీ చంపుతుంది, బట్ట రంగూ తీస్తుంది. పెద్దాయనా, మీ లుంగీ చూసుకోండి.”

క్రీస్తుదాసు చూసుకున్నాడు. “పెద్దమనుషులు వస్తా ఉంటే పాచి నీళ్లు చూపించేదా అని రాత్రి నేనే కొట్టినా... ఆ పాచే పని చేస్తాదని నాకెవురు చెప్పినారు?”

హెబ్రోను తలదించుకున్నాడు. “నేనే చెప్పలేదు నాయనా. పోలేరయ్యన్నా, నీ మీద కేసు పెట్టబోయినా. క్షమించు.”

“పెట్టుంటే నీ సంగతి చూసేవాణ్ణి,” అన్నాడు పోలేరయ్య. తర్వాత ముసలాయన ముఖం చూసి మెత్తబడ్డాడు. “ఆ బ్లీచింగు వాసన ఎండకు పోనీ. వాగులోంచి పచ్చనీళ్లు మావోళ్లు తెచ్చి పోస్తారు. గుంట మళ్లీ పచ్చబడేదాకా చుక్క వదలమాక.”

“బిందెలు నేను మోస్తా,” అన్నాడు క్రీస్తుదాసు.

“కళ్లకు ఆపరేషనైనోడివి, నువ్వు బరువెత్తేదేంది?” అని కసురుకుని, పోలేరయ్య ఆయన చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా గట్టు దించాడు.