చిరుగు కనిపించని చొక్కాలు

ఆ ఉదయం టిఫిను పళ్లేల్లోనే ఉండిపోయింది. కూతురు చిట్టిని తోటిపిల్లలు ఏడిపిస్తున్నారని, బట్టలు చింపుతున్నారని పక్కింటి పిల్ల చెబితే గానీ ఇంట్లో తెలియలేదు. కాసేపట్లో బడిలో హెడ్మాస్టరు ముందు కూర్చోవాలి. బస్సు నడిపే తండ్రి సెలవు పెట్టి మరీ సిద్ధమయ్యాడు.

"ఉత్త నోటిమాట ఎవరు నమ్ముతారు? ఆ చిరిగిన చొక్కాలు తియ్యి. బల్ల మీద పడేస్తే వాళ్లే దారికొస్తారు" అన్నాడు భార్యతో.

ఆమె బీరువాలోంచి చొక్కాలు తెచ్చింది. ఆయన కాలరు తిప్పి చూశాడు, భుజాలు వెలుతురుకి పట్టి చూశాడు. చిరుగు ఆనవాలే లేదు. ఆమె వీధి చివర కుట్టుకొట్టు నడుపుతుంది. అదే గుడ్డ అంచులోంచి దారం లాగి, చిరుగుని పోగుపోగునా అల్లి రఫ్ఫు చేసిందంటే, తొడుక్కున్నవాళ్లు కూడా పోల్చుకోలేరు. ఆ పనితనమే ఇప్పుడు కొంప ముంచింది.

"ఒక్కటైనా ఉంచకపోయావా?"

"చిరిగిన చొక్కాతో పంపమంటారా? నలుగురూ నవ్విపోరూ?"

"ఇప్పుడా నలుగురి ముందే అబద్ధాలకోరుల్లా నిలబడాలి! అసలెలా చిరిగిందని దాన్ని అడిగావా?"

"మేకు తగిలిందంది."

"ప్రతిసారీ మేకేనా?"

ఆమె మొదటిసారి అడిగింది. తర్వాత తిట్టింది. ఆ తర్వాత అదీ మానేసి కుట్టేసింది.

"అమ్మని అనకు నాన్నా" అంది గుమ్మంలో నిలబడ్డ చిట్టి. "కుట్టేస్తుందని తెలిసే చింపుతారు. 'మీ అమ్మ ఉందిగా, రేపటికి కొత్తదైపోతుందిలే' అంటారు." తల్లి వైపు తిరిగింది. "ఒకరోజు నువ్వు అడుగుతావని చిరిగిన చొక్కా ఇంట్లో నీ మిషను మీదే పెట్టానమ్మా. పొద్దున్న లేచేసరికి ఇస్త్రీ చేసి ఉంది."

తల్లి నిలువునా కుంగిపోయింది. బిడ్డ మొర పెట్టుకుంటే తను నున్నగా మాపేసింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. తండ్రి చేతిలోని చొక్కా మడిచి పెట్టాడు.

"నా కుట్టు నాకు తెలీదా? ఎక్కడెక్కడ చింపారో వాళ్ల ముందే వేలుపెట్టి చూపిస్తాను" అంది చివరికి. చిట్టిని దగ్గరికి లాక్కుంది. "బడికి ఆలస్యమైతే అవనీ. మొదటిసారి ఏం జరిగిందో నాకు చెప్పమ్మా."

చిట్టి చొక్కాలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"ఏది మొదటిదో గుర్తులేదమ్మా" అంది.