బాలమణి దగ్గరికి ఎట్ల పోవాలె?

ఖాసిం మూడో గ్లాసు సగంలో ఉండగా ఏడుపు అందుకున్నాడు. వాకిలి మీది గడపకన్ను టిక్కుమంది. ముప్పై నాలుగున్న అంకె ముప్పై మూడయింది.

"ఓ ఖాసిం భాయ్, జెర ఆపయ్యా. నీ కన్నీళ్లకు నా దుకాణం కొట్టుకపోయేటట్టుంది" అంది బాలమణి, మూకుట్లో మేక బోటి కలియబెడుతూ.

"ఏం చెయ్యాలె అక్కా? ఇంట్ల ఏడిస్తే పిల్లలు భయపడ్తరు. పనికాడ ఏడిస్తే లిఫ్టుల ఉన్నోళ్లు భయపడ్తరు. ఇంకెక్కడ ఏడ్వాలె?"

ఖాసిం లిఫ్టుల మెకానిక్. అన్నతో మాటలు పోయి ఆరు నెలలైంది, ఆ దుఃఖం వారానికోసారి ఇక్కడ దించుకుంటాడు. ఎదురుగా కూర్చున్న వంశీధర్ సార్, రిటైరైన లెక్కల మాస్టారు, ఖాసిం గ్లాసులో కాస్త కల్లు పోసి, "ఏడవ్వయ్యా, ఏడువు. ఆ కన్ను సంగతి తర్వాత చూసుకుందాం" అన్నాడు. పుట్టింది కాకినాడలో గనక ఆయన మాటలో ఆ గోదారి సాగదీత ఇంకా పోలేదు.

అది రెండు వేల ఎనభై మూడో సంవత్సరం. హైదరాబాదులో ఈ పూట ఏ బారుకు పోదామని ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోవడం లేదు. పెసరగింజంత చెవిపూస ఆ పని చూసుకుంటుంది. మనిషి నాడిని, ఊపిరిని గమనించి, ఆ సాయంత్రం అతని మనసుకు సరిపోయే చోటు వెతికి, "ఎడమకు తిరగండి, ఇరవై అడుగులు" అంటూ చెవిలోనే దారి చెప్పుకుంటూ తీసుకుపోతుంది. మల్కాజిగిరిలో పాటలవాళ్లకొక బారు. నాచారంలో పెదవి విప్పకుండా తాగేవాళ్లకొకటి. ఓడిన జట్టు అభిమానులు ఒకరినొకరు ఓదార్చుకోవడానికి కాచిగూడలో ఒకటి. ఎక్కడికి పోయినా పక్కన మనలాంటివాడే ఉంటాడు. గొడవ లేదు, విసుగు లేదు. వచ్చేటప్పటి ముఖాన్నీ ఆ తర్వాతి ముఖాన్నీ గడపకన్ను పోల్చి చూసి, ఎంత సంతోషం పెరిగిందో తృప్తాంకం వేస్తుంది. ఆ అంకెను బట్టే బార్ల మంచీచెడూ.

మరి పార్సీగుట్ట వెనక గల్లీలో ఉన్న బాలమణి కల్లు దుకాణం సంగతి? ఏ బారులోనూ ఇమడనివాళ్లను పూస చివరికి ఇక్కడికి తోలేది. పైగా ఇక్కడొక నియమముంది. బాలమణి నానమ్మ పెట్టింది. ఎవరొచ్చినా ఖాళీ బల్ల దగ్గర కూర్చోకూడదు, మనిషి ఉన్న బల్ల దగ్గరే కూర్చోవాలి. అవతలివాడు నచ్చాడా లేదా అన్న ప్రశ్నే లేదు. దాంతో మొదటి అరగంట మూతి ముడుపులు, తర్వాత వాదాలు, ఆ తర్వాత ఏడుపులు. పోయేటప్పుడు ఎవడి ముఖమూ వెలిగిపోతూ ఉండదు, ఏదో ఆలోచిస్తూ పోతారు. తెల్లారి మళ్లీ వస్తారు. ఆ మళ్లీ రావడాన్ని లెక్కపెట్టే కన్ను మాత్రం ఎవరూ తయారుచెయ్యలేదు.

ఆ సాయంత్రమే తృప్తి మండలి నుంచి నిహాల్ అనే కుర్ర అధికారి వచ్చాడు. గడప దాటకుండానే చెప్పాడు.

"మేడం, మూడు నెలల నుంచి మీ అంకె నలభై దాటలేదు. శుక్రవారం ఆఖరి పరిశీలన. అప్పుడు గూడ దాటకపోతే పూస పటంలకెళ్లి తీసేస్తరు."

"అంటే మూస్తరా?"

"లేదు మేడం. మూసే అవసరం పడది."

ఆ మాట నిజమే. వీధుల పేర్ల పలకలు తీసేసి ముప్పై ఏళ్లయింది. ఇంటి నంబర్లూ లేవు. పటంలో లేని చోటికి పూస దారి చెప్పదు, అటు అడుగేస్తే "దారి లేదు, వెనక్కి తిరగండి" అంటుంది. నానమ్మ నాటి దుకాణం, నలభై ఏళ్ల పొయ్యి, తనకున్న ఒకే ఒక బతుకు, అన్నీ ఆ ఒక్క మాటతో లేనట్టే అయిపోతాయి.

నిహాల్ పోయాక బల్లలన్నీ ఒక్కచోటికి జరిగాయి. ఆసుపత్రిలో పగటి డ్యూటీ ముగించుకొని అప్పుడే వచ్చిన నర్సు లాస్య, "ఇంతేగా? శుక్రవారం మనందరం మంచిగుందాం. ఒక్కరోజు ఏడ్వకుంటే సావం గదా" అంది. అందరూ సై అన్నారు.

శుక్రవారం జరిగింది చెప్తే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. అందరూ ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. "మీరు కూర్చోండి" అని ఒకరు, "అయ్యో, ముందు మీరు" అని ఒకరు, నిలబడే పావుగంట గడిపారు. పదకొండేళ్లుగా బోటిలో ఉప్పెక్కువని రోజూ పోట్లాడే వంశీధర్ సార్ ఒక ముక్క నోట్లో వేసుకుని "అమోఘం" అన్నాడు. లాస్య ప్రతిదానికీ నవ్వింది. చివరికి ఉల్లిగడ్డలు కావాలా అని అడిగినా నవ్వింది. ఖాసిం పళ్లన్నీ బయటపెట్టి కూర్చున్నాడు, అన్న పేరెత్తలేదు. వాకిట్లో నిలబడి చూస్తున్న బాలమణికి వీళ్లెవరో తెలిసినట్టే లేదు. చావింట్లో భోజనానికి కూర్చున్నవాళ్లు ఇంతకన్నా కలివిడిగా ఉంటారు.

అతి వినయం ధూర్త లక్షణమని గడపకన్నుకు ఎవరు నేర్పారో! బయటికి పోయే ఒక్కొక్క ముఖాన్ని చూసి అది టిక్కు టిక్కుమంటూనే ఉంది. ముప్పై ఒకటి. ఇరవై ఎనిమిది. ఆఖరికి ఇరవై రెండు దగ్గర ఆగింది.

"ఇట్ల పడిపోవుడు నేనెప్పుడు చూడలే మేడం. ఏం చేసిన్రు?" అన్నాడు నిహాల్. అతనిక్కూడా బాధగానే ఉంది.

"మంచిగున్నరు బిడ్డా" అంది బాలమణి. "నా కోసం మంచిగున్నరు."

శనివారం పొద్దున గడపకన్నును ఊడదీసుకుపోయారు. బాలమణి మాత్రం ఎప్పటిలాగే కల్లు దింపించుకుంది, శనగ గుడాలు ఉడకబెట్టింది, బోటి వేపింది. పటంలో లేకపోతే కొత్తవాళ్లు రారు, సరే. పాతవాళ్లకేం? ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లు. నాలుగైంది. ఎవరూ రాలేదు. నాలుగున్నరకు బల్లలు మళ్లీ తుడిచింది. రోజూ కనబడేవాళ్ల ఫోను నంబర్లెందుకని ఏనాడూ ఎవరివీ రాసిపెట్టుకోలేదు, పిలుద్దామన్నా పిలిచే వీలు లేదు. ఐదైంది. గల్లీలో కుక్క కూడా తిరగలేదు.

ముందు కోపమొచ్చింది. "థూ, వీళ్ల మనుషులు పాడుగాను! చెవుల పూస వద్దన్నదని మర్లిపోయిన్రు. ఇన్నేండ్లు నా చేతి కూడు తిన్నరు" అని మూకుడు మీద మూత ధన్‌మని వేసింది. ఆ తర్వాత కోపం నిలవలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. పొయ్యి ఆర్పింది. ఇక రేపటి నుంచి ఏ పనికి పోవాలా అని ఆలోచిస్తూ తాళం చేతిలోకి తీసుకుంది.

అప్పుడు వెనక గోడ అవతల నుంచి ఎవరో ఎవరినో తిడుతున్నట్టు వినిపించింది.

"దారి లేదంటావేవిటే? నిన్న ఉందిగా! నిన్న నువ్వే తీసుకొచ్చావుగా!"

వంశీధర్ సార్ గొంతు. బాలమణి చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీ చుట్టి పరుగెత్తింది. పెద్దాయన చెమటతో తడిసి ముద్దయి, గోడకేసి చూస్తూ తన చెవిపూసతోనే పోట్లాడుతున్నాడు.

"సార్! గిక్కడేం జేస్తున్నరు?"

"వచ్చేవా తల్లీ!" అని ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "మూడింటికి బయల్దేరానమ్మా. ఇక్కడిక్కడే తిరుగుతున్నాను. నీకు ఫోను చేద్దామంటే నీ నంబరు కూడా తుడిచేసిందిది."

"పదకొండేండ్లు వచ్చిన్రు గద సార్. దారి తెల్వదా?"

ఆయన సిగ్గుపడ్డాడు. "ఎడమకంటే ఎడమకు, కుడికంటే కుడికి నడిచానమ్మా. ఒక్కనాడైనా తలెత్తి చూస్తేగా."

బాలమణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. విడిచిపెట్టి పోలేదు. దారి తప్పారు, అంతే! నూరడుగుల దూరంలో, గోడకవతల, పిల్లిపిల్లల్లా తిరుగుతున్నారు. "పూస తియ్యుండ్రి. నా ఎంబడి రాండ్రి" అని సార్ చెయ్యి పట్టుకుంది. పూస తీయగానే ఆయన చెవి గోక్కున్నాడు.

నీళ్ల ట్యాంకు దగ్గర లాస్య మెట్ల మీద కూలబడి కనిపించింది. బాలమణిని చూడగానే లేచి వాటేసుకుంది. "అక్కా, నువ్వు తాళం ఏసుకొని పోతవేమోనని పానం పోయింది." ఇంకో సందులో ఇద్దరు దొరికారు. ఖాసిం జాడ మాత్రం లేదు.

వారాసిగూడ మలుపు దాకా పోయాక ఖాసిం ఎదురొచ్చాడు. ఒక్కడే కాదు. ఎనభై దాటిన ముసలామె అతని మోచెయ్యి పట్టుకుని నడుస్తోంది. వాళ్ల వెనక ఎవరో అయిదారుగురు.

"అరె, ఏం పరేషాన్ అక్కా!" అన్నాడు ఖాసిం. "బాలమణి దగ్గరికి ఎట్ల పోవాలె అని నలుగుర్ని అడిగిన. దారి అడిగేటోన్ని వాళ్లెప్పుడు చూడలే, దొంగనుకున్నరు. ఒకామె తలుపేసుకున్నది. గీ తేజస్విని అవ్వ ఒక్కతే నిలవడ్డది."

తేజస్విని అవ్వ రొప్పుతూ గోడకానుకుంది. "ముప్పై ఏండ్లాయె బిడ్డా, నన్నొకలు దారి అడగక" అంది బాలమణితో. "చిన్నప్పుడు గీ గల్లీలల్ల ఆడుకున్నదాన్ని. కండ్లు మూసుకొని చెప్త. నోటితోని చెప్తే మళ్ల తప్పిపోతడని నేనే ఎంబడి వచ్చిన."

"మరి వీళ్లంతా?"

"ఏమో. మేం నడుస్తుంటే ఏంది సంగతని అడుక్కుంట వచ్చిన్రు."

ఆ సాయంత్రం ఆరిన పొయ్యి మళ్లీ వెలిగింది. తేజస్విని అవ్వ కల్లు ముట్టలేదు గానీ రెండు దొప్పల గుడాలు తిని, పాత గల్లీల పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది. వంశీధర్ సార్ బోటిలో ఉప్పెక్కువైందని అరిచాడు. ఖాసిం కడుపారా ఏడ్చాడు. బాలమణి పొయ్యి దగ్గర నిలబడి వాళ్లను చూస్తూ, ఇంత సంతోషం తనకెప్పుడూ కలగలేదనుకుంది.

ఒక్కసారి నోరు విప్పిన పేట మళ్లీ మూసుకోలేదు. బాలమణి దగ్గరికి ఎట్ల పోవాలె అని ఒకరు మొదలుపెడితే, మంచి దర్జీ ఎక్కడున్నాడు, పాలు ఎవరింట్లో దొరుకుతాయి అనే దాకా పోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్నారా! అడిగినవాళ్లకు చెప్పడానికి కొందరు అరుగుల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. చెప్పి చెప్పి, అసలు ఆ దుకాణమేమిటో చూద్దామని తామే వచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి బాలమణి ఇంకో నాలుగు బల్లలు వేయించాల్సి వచ్చింది.

అప్పుడొక ఆదివారం సాయంత్రం, ఐదింటి వేళ, నిహాల్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చేతిలో మండలి కాగితం.

"మేడం, మంచి మాట చెప్పడానికొచ్చిన. మిమ్మల్ని మళ్ల పటంల పెడ్తున్నరు. అంకెతోని పని లేదట."

"గదెట్ల? ఎందుకట?"

"రోజూ నాలుగొందల మంది పూసను మీ పేరే అడుగుతున్నరు. దారి లేదు, దారి లేదు అని చెప్పీ చెప్పీ పూస తృప్తాంకమే పడిపోయింది. మీరు సంతకం పెడితే చాలు, రేపు పొద్దుగాల్నుంచి నగరంల ఎవరైనా సక్కగ మీ గడపకే వస్తరు."

రెండు నెలల కింద ఈ కాగితం కోసం బాలమణి దేవుళ్లందరికీ మొక్కింది. ఇప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నువ్వెట్లొచ్చినవ్ బిడ్డా?"

"పూస పని చెయ్యదు గద, అడుక్కుంట వచ్చిన. గంటన్నర పట్టింది."

"ఎవర్నడిగినవ్?"

"స్టేషన్ కాడ ఒక పూలామెను అడిగిన. అనసూయమ్మ. ఆమె బిడ్డకు నిన్ననే నౌకరీ వచ్చిందట, నాకు మల్లెపూలు ఇయ్యబోయింది. తర్వాత చెప్పులు కుట్టే జోసెఫ్ తాత. ఆయన చెప్పిన మలుపు తప్పిన. ఒకింట్ల అడిగితే కూసోబెట్టి మంచినీళ్లిచ్చిన్రు. ఆ ఇంటాయన మోకాళ్ల నొప్పితోని సందు చివర దాంక వచ్చిండు, వద్దన్నా వినలే. ఆ తర్వాత..."

చెప్తూ చెప్తూ వేళ్లు మడిచాడు. ఏడుగురు తేలారు. ఆ మడిచిన వేళ్లను తనే కాసేపు చూసుకున్నాడు.

"నీకు ఈ పట్నంల ఇంతకుముందు ఎంతమంది పేర్లు తెలుసు బిడ్డా?"

నిహాల్ వేళ్లన్నీ విప్పేశాడు, ఒక్కటీ మళ్లీ మడవలేదు.

"నేను సంతకం పెడితే నువ్వు రేపు పావుగంటల వస్తవు" అంది బాలమణి మెల్లగా. "మరి అనసూయమ్మ బిడ్డ సంగతి ఎవరడుగుతరు? ఆ మోకాళ్లాయన ఎవలకోసం లేస్తడు?"

కాగితాన్ని మడిచి అతని జేబులోనే పెట్టింది. ఖాసిం తన బల్ల దగ్గర కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు. నిహాల్ కూర్చున్నాడు. లాస్య గ్లాసు నింపి ముందుకు తోసింది. అతను తాగలేదు, చాలాసేపు ఆ ఏడుగురి సంగతే చెప్తూ ఉండిపోయాడు.

లేచేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, రేపు వస్త. గానీ దారి గుర్తుంటదో లేదో" అన్నాడు.

"గుర్తులేకుంటే అడుగు" అంది బాలమణి.