కలిసిపోయిన క్యూబులు

శనివారం పొద్దున్న గురమ్మ కళ్లం దగ్గర పని చూసుకుని ఇంటికొచ్చేసరికి ముందుగదిలో అడుగు పెట్టే చోటు లేదు. నేల మీద తువ్వాళ్లు పరిచి ఉన్నాయి. వాటి మీద ఎరుపు, పచ్చ, నీలం రంగు కాగితాలు అతికించిన చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఫ్యాను గాలికి ఆరుతున్నాయి. వాటిని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టిన కోడలు కుసుమకుమారి పెరట్లో బట్టలు ఉతుకుతోంది.

గురమ్మకి ఒళ్లు మండింది. మధ్యాహ్నం బండికి పలాస నుంచి కోటబొమ్మాళికి చెల్లెలు చిన్నతల్లి వస్తోంది. పోయినసారి వచ్చినప్పుడు, "ఏటప్పా, నీ కోడలు ఇంకా బొమ్మలాటలు మానలేదేటి?" అని నలుగురిలో నవ్విపోయింది.

కుసుమ గరివిడి పిల్ల, పాలిటెక్నిక్ చదివింది. రంగుల క్యూబును తిప్పి ఒక్కో ముఖాన్నీ ఒక్కో రంగుకి తెచ్చే పోటీలుంటాయి కదా, ఆ పోటీలకి వెళ్లేవాళ్లు తమ క్యూబుల్ని ఆమెకి పోస్టులో పంపిస్తారు. కుసుమ వాటిని ముక్కముక్కగా విప్పి, శుభ్రం చేసి, వేళ్లు ఎంత వేగంగా కదిలితే అంత వేగంగా తిరిగేలా మళ్లీ కూర్చి పంపుతుంది. ఆమె భర్త శివాజీకి రైల్వేలో ఉద్యోగం. విశాఖపట్నంలో డ్యూటీ, వారంలో సగం రోజులు అక్కడే. భార్య పని గురించి తల్లికి ఒకటి రెండుసార్లు చెప్పబోయాడు. "ఆడుకునే సామాను బాగుసేయడం కూడా ఓ పనేట్రా?" అని గురమ్మ కొట్టిపారేసింది.

ఇప్పుడూ అదే కోపం. ఒక్కో తువ్వాలూ ఎత్తి ముక్కలన్నీ ఒకే బేసిన్లో గుమ్మరించి, మంచం కిందికి తోసి, చీపురందుకుంది.

కుసుమ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "అత్తమ్మా, ఇక్కడ ఆరబెట్టినవేవీ?"

"మంచం కిందున్నాయి. సుట్టాలొచ్చీ ఏళకి ఇల్లు ఇలాగేనా ఉంచడం?"

బేసిన్ బయటికి లాగి చూసిన కుసుమ ముఖం పాలిపోయింది. "అన్నీ కలిపేశారా?"

"కలిస్తే ఏటయింది? అన్నీ ఒకలాటి ముక్కలే కదేటి!"

"ఒకలాంటివి కావత్తమ్మా!" పెళ్లయ్యాక కుసుమ గొంతు ఆ ఇంట్లో అంత గట్టిగా పలకడం అదే మొదలు. "ఇవి ఐదుగురివి. నా ముఖమైనా చూడకుండా నన్ను నమ్మి పంపించారు. టెక్కలి అమ్మాయి అనూరాధకి రేపే విశాఖపట్నంలో పోటీ. సాయంత్రం వచ్చి తీసుకుంటానంది. ఆ పిల్లకి నేనేటని చెప్పను?"

"బొమ్మల కోసం నా మీద అరుస్తన్నావా?"

"మీకు అంత సిగ్గుగా ఉంటే ఈ పని మానేస్తాను. కానీ ఎవరివి వాళ్లకి ఇచ్చాకే మానేస్తాను."

కుసుమ బేసిన్ ముందు కూర్చుంది.

గురమ్మ వంటింట్లోకి వెళ్లింది గానీ పనిలో చెయ్యి ఆడలేదు. కోడలు ఏడుస్తోందేమోనని తొంగిచూసింది. ఏడవడం లేదు. ఒక్కో ముక్కనీ కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తోంది, లోపలి అంచుని బొటనవేలితో తడుముతోంది, ఓ పక్కన పెడుతోంది. తల తిప్పడం లేదు, తొందరపడడం లేదు.

కాసేపు చూసి గురమ్మ మెల్లగా దగ్గరికొచ్చింది. "ఏది ఎవురిదో ఎలా తెలస్తాది?"

కుసుమ తలెత్తలేదు గానీ జవాబిచ్చింది. "తెల్ల ప్లాస్టిక్‌వి ఒకరివే, అవి వచ్చేశాయి. నల్లవే చిక్కు. ఇది ఒక పక్కనే అరిగింది చూడండి. ఈ అబ్బాయిది ఎడంచేతి వాటం. దీని మీద రంగు కాగితం గోరు తగిలి లేచింది, బరంపురం అమ్మాయిది. అనూరాధ క్యూబుని పిండేసినట్టు పట్టుకుంటుంది, ఆమె ముక్కల మూలలు నున్నగా మెరుస్తాయి."

"ఆళ్లనెప్పుడైనా సూసినావా?"

"లేదత్తమ్మా. చేతులే తెలుసు."

గురమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని పక్కనే చతికిలబడింది. "అయితే ఆ మెరిసీవి నాను ఏరతాను."

మొదట ఏరినవి తప్పాయి. కుసుమ రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చూపించాక ఆమెకీ తేడా అందింది.

చిన్నతల్లి సంచీతో గుమ్మంలోకి వచ్చి పకపకా నవ్వింది. "ఓలమ్మ! అత్తా కోడలూ కలిసి ఆడతన్నారేటి!"

"ఆట కాదే," అంది గురమ్మ తలెత్తకుండానే. "పరాయోళ్లు నమ్మి అప్పజెప్పిన సామాను. నాను పాడుసేసినాను, ఇది బాగుసేస్తంది. కాళ్లు కడుక్కుని అన్నం నువ్వే ఎట్టుకో. మాకు కాళీ లేదు."

చిన్నతల్లి సంచీ గోడవారన పెట్టి కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి నడిచింది.

మధ్యాహ్నం మూడింటికి ముక్కలన్నీ విడిపోయాయి. కుసుమ అనూరాధ క్యూబు కూర్చడం మొదలుపెట్టింది. దొరికిన ముక్క దొరికినచోట దూరిస్తే ఎంత గొప్పవాళ్లు తిప్పినా రంగులు కలవవట. అందుకని ఏ చోటిది ఆ చోటే నొక్కింది. సిలికాన్ నూనె ఒక్క చుక్క వేసింది. తిప్పి చూసి, ఒక స్క్రూ రవ్వంత వదులు చేసి, మళ్లీ తిప్పింది. బిగువెక్కువైతే వేలికి అడ్డం పడుతుంది, తక్కువైతే మధ్యలో ముక్క ఊడి ఎగిరిపోతుంది. చూస్తుండగానే బిగుసుకున్నట్టున్న ఆ వస్తువు ఆమె వేళ్ల మధ్య నీళ్లలా కదలడం మొదలెట్టింది. గురమ్మ కళ్లార్పలేదు. ఇంత పనితనం తన ఇంట్లో ఏడాదిగా ఉంటే తాను మంచం కిందికి నెట్టేశానే అనుకుంది.

సాయంత్రం విశాఖపట్నం బండికి వెళ్తూ అనూరాధ తండ్రితో వచ్చింది. కుసుమ నోరు తెరవకముందే గురమ్మ ముందుకొచ్చింది. "పిల్లా, నీ సామాను మిగతావోళ్లవాటితో నానే కలిపీసినాను. తేడా వస్తే తప్పు నాది, మా కోడలిది కాదు."

అనూరాధ కంగారుగా క్యూబు అందుకుంది. ముందు మెల్లగా తిప్పి రంగులన్నీ చెదరగొట్టింది. ఆ తరవాత వేళ్లు కనబడలేదు. రంగులన్నీ సర్దుకున్నాక ముఖం వెలిగిపోయింది. "నాదే! ఎప్పుడూ నాకు పట్టేసే మూల కూడా పట్టెయ్యలేదు. అక్కా, మీరూ పోటీకి వస్తారా?"

"నేనా? నేనెప్పుడూ చూడలేదమ్మా. ఎలా ఉంటుందో కూడా తెలీదు."

ఆ మాట గురమ్మ గుండెల్లో దిగబడింది. "ఈ బండికే నువ్వూ ఎల్లు. టేసనుకి రమ్మని శివాజీకి నాను పోను సేస్తాను."

"గేదె? వంట?"

"నా సేతులు పడిపోయినాయేటి? నువ్వు బాగుసేసినవి ఎలా తిరగతన్నాయో నీ కళ్లతో సూసి రా. మానేస్తానన్న మాట మాత్రం ఇక్కడే వదిలీసి ఎల్లు."

కుసుమ కళ్లు నిండిపోయాయి. వంగి కాళ్లు పట్టుకోబోతే గురమ్మ భుజాలు పట్టి లేపి దగ్గరికి తీసుకుంది.

"ఇంకోటి. అక్కడెవురైనా 'ఇది బాగుసేసిందెవురు' అని అడిగితే తల దించుకోకు. గరివిడి పిల్లనని సెప్పు, కోటబొమ్మాళి గురమ్మ కోడల్నని సెప్పు," అంటూ చీర చెంగుతో కోడలి కళ్లు తుడిచింది. తన కళ్లు తుడుచుకోవడం మరిచిపోయింది.