బండి గొణిగిన రోజు

రిటైరై నలభై రోజులైనా ఆవిడకి తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తోంది. ముప్ఫై ఒక్క ఏళ్లు చిన్న స్కూటర్ మీద తిరిగి ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి. ఉద్యోగం అయిపోయిందని చెబితే కాళ్లు వినవు కదా! లేచి కిటికీ తెరుస్తుంది, మూస్తుంది. తుడిచిన గిన్నెలే మళ్లీ తుడుస్తుంది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంది.

ఆ రోజు ఏడింటికి కూతురు వంటింట్లోకి వచ్చేసరికి ఆవిడ భోజనాల బల్ల నిండా రోడ్డు మ్యాపు పరిచి, చేతిలో ఎర్ర పెన్సిల్‌తో నిలబడి ఉంది. కాఫీ చల్లారిపోయింది.

"కూర్చోవే అమ్మా! నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది కూతురు.

"కూర్చుంటే ఎలా? ఎల్లుండే ప్రయాణం. దారిలో తొంభై అయిదు నంబరు పెట్రోలు దొరికే బంకులు గుర్తు పెట్టుకుంటున్నాను. కొండల్లో రెండే ఉన్నాయి. ఒకటి తప్పితే ఇంకోదాని దాకా లాగాలి."

రిటైరైన వారంలోనే ఆవిడ పాతదే అయినా పెద్ద టూరింగ్ బండి ఒకటి కొన్నది. పక్కల రెండు పెట్టెలు, ముందు గాలి అద్దం, ఇద్దరు హాయిగా కూర్చునే సీటు. ఇరవై రోజులు కొండలు దాటి సముద్రం దాకా, మళ్లీ వెనక్కి. పెళ్లయిన కొత్తలో మొగుడూ పెళ్లాం అనుకున్న ప్రయాణం అది. పిల్ల చిన్నదని ఒకసారి, షెడ్డులో పని ఉందని ఒకసారి, సెలవు దొరకలేదని పదిసార్లు వాయిదా పడింది.

పక్క తలుపులోంచి ఆయన వచ్చాడు. ఇంటికి ఆనుకునే ఆయన మెకానిక్ షెడ్డు. ఊళ్లో అందరూ 'చెవి మేస్త్రీ' అంటారు. బండి స్టార్ట్ చేసి కళ్లు మూసుకుని నిలబడ్డాడంటే జబ్బేమిటో ఇట్టే చెప్పేసేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. వేరే షెడ్ల వాళ్లు కూడా తమకి అంతుచిక్కని కేసుల్ని ఆయన దగ్గరికే తోలేవారు.

"మళ్లీ ఆ బంకుల లెక్కేనా?" అన్నాడు మ్యాపు వంక చూసి. "మామూలు తొంభై ఒకటి చాలని చెప్పానా లేదా?"

"బండి పుస్తకంలో తొంభై అయిదుకి తక్కువ కాకూడదని రాశారండీ."

"పుస్తకం రాసినవాడు గదిలో కూర్చుని రాస్తాడు. నా లెక్క ఒకటే. మామూలుది కొట్టించు. బండి గొణిగితే పైది కొట్టించు. గొణక్కపోతే ఎందుకు? మొన్న నేనే నడిపి చూశాను. నిక్షేపంలా ఉంది."

"అసలు ఈ తొంభై ఒకటి, తొంభై అయిదు ఏంటి నాన్నా? పెద్ద నంబరైతే బలమెక్కువా?" అంది కూతురు.

ఆయనకి ఇలాంటి ప్రశ్నలంటే ఇష్టం. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "బలం కాదే, ఓపిక. ఇంజను లోపల పెట్రోలుని గాలితో కలిపి గట్టిగా నొక్కుతుంది. నిప్పురవ్వ వచ్చేదాకా అది ఆగాలి. ఓపిక లేనిదైతే ముందే భగ్గుమంటుంది. అప్పుడు లోపల ఎవడో చిన్న సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. అదే గొణుగుడు. అలాగే వదిలేస్తే పిస్టన్‌కి చిల్లి పడుతుంది."

"అంటే ఈ ఇంట్లో మామూలు పెట్రోలు అమ్మా, తొంభై అయిదు నువ్వూ అన్నమాట," అని నవ్వుకుంటూ కూతురు పనికి వెళ్లిపోయింది. ఆమె పళ్ల డాక్టరు దగ్గర నర్సు. ఊరి వెనక కొండ ఎక్కే రోడ్డు మలుపులో ఉంది ఆ ఆసుపత్రి.

పదింటికి ఆవిడ ఇక ఆగలేక, పక్క పెట్టెల నిండా సామాను సర్ది, బండి తీసి కొండ ఎక్కింది. బరువుతో ఎలా నడుస్తుందో చూద్దామని. ట్యాంకు నిండా ఆయన కొట్టించిన మామూలు పెట్రోలే ఉంది. రెండో మలుపు దాటి యాక్సిలరేటర్ తిప్పగానే వినపడింది. రేకు డబ్బాలో గోళీలు వేసి ఆడించినట్టు సన్నగా గలగలా. గేరు తగ్గిస్తే ఆగింది. మళ్లీ గట్టిగా లాగితే మళ్లీ గలగల. ఆవిడ అక్కడికక్కడే బండి వెనక్కి తిప్పింది.

ఇంటికొచ్చి చెబితే ఆయన నవ్వాడు. "పెట్టెల్లో గిన్నెలై ఉంటాయి."

"గిన్నెలకీ ఇంజనుకీ తేడా తెలీదా నాకు? ముప్ఫై ఏళ్లు బండి మీదే కదా బతికాను! మీరే నడపండి. నేను వెనక కూర్చుంటాను."

సరేనని మధ్యాహ్నం ఇద్దరూ వెళ్లారు. ఎక్కుడు మొదలయ్యాక గలగల మొదలైంది. ఆవిడ ఆయన భుజం తట్టింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ తట్టింది. ఆయన యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తిప్పాడు. ఇప్పుడది ఆవిడకి హెల్మెట్‌లోంచి కూడా పళ్లు జివ్వుమనేలా వినపడుతోంది. ఈయన మాత్రం చలించలేదు.

పైన బండి ఆపి దిగారు.

"ఏదీ? ఎక్కడ?" అన్నాడు ఆయన.

"దారంతా కొడుతూనే ఉంటే ఎక్కడంటారేంటండీ! పంతానికైనా హద్దుండాలి."

"పంతం నాది కాదు, తొందర నీది. ప్రయాణం అనేసరికి నీకు కాలు నిలవడం లేదు. లేనిపోనివి వినపడుతున్నాయి. ఈ చెవులు తప్పు చెప్పడం ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. ఆవిడ మళ్లీ వెనక సీటు ఎక్కింది. దిగేటప్పుడు ఇంజనుకి భారం ఉండదు కాబట్టి చప్పుడూ లేదు. ఇంటికొచ్చేసరికి ఆవిడకి తన మీద తనకే అనుమానం వచ్చింది. ఊరికే ఉండలేకపోతే మనసు ఇలాగే అవుతుందేమో. సర్దిన సామాను విప్పి మళ్లీ సర్దింది. మ్యాపు మడిచింది, విప్పింది.

సాయంత్రం కూతురు వచ్చింది. ఆవిడ ఓవెన్‌లో కేకు పెట్టి, ప్రయాణంలోకి ఉంటుందని ఇంకో గిన్నె కలుపుతోంది. ఆయన బల్ల దగ్గర టీ తాగుతున్నాడు.

"అమ్మా, మధ్యాహ్నం మా ఆసుపత్రి ముందు నుంచి వెళ్లింది మీరే కదా? ఏంటే ఆ బండిలో గలగల? మా డాక్టరుగారు పేషెంటుని నోరు తెరిపించి వదిలేసి కిటికీలోంచి చూశారు, ఎవరో పగిలిన సామాను తీసుకెళ్తున్నారని!"

ఆయన కప్పు కింద పెట్టాడు.

"ఏమన్నావు?"

"బండి గలగలమంటోందని..."

"ఓహో. ఇద్దరూ మాట్లాడుకున్నారన్నమాట."

"మాట్లాడుకోవడం ఏంటి నాన్నా? నేను ఇప్పుడే కదా వచ్చాను!"

"చాలు!" అంటూ లేచాడు. ఆయన గొంతు అంత పెద్దది కావడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. "ముప్ఫై అయిదేళ్లు ఈ చేతులు గ్రీజులో ముంచాను. ఊరంతా నా దగ్గరికొచ్చి మేస్త్రీ, విని చెప్పమంటారు. ఇంట్లో మాత్రం నాకు పెళ్లామూ పిల్లా పాఠాలు చెప్తారా? నేను రాను. నీకంత ఉబలాటంగా ఉంటే నువ్వొక్కదానివే పో. తొంభై అయిదు కాకపోతే అత్తరు కొట్టించుకుని పో!"

ఆవిడకి కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతిలో గరిటె పట్టుకునే అంది. "ముప్ఫై ఏళ్లు ఊళ్లో అందరి గడపలకీ వెళ్లాను. అందరి దూరదేశాల ఉత్తరాలూ మోశాను. నేను మాత్రం ఊరు దాటలేదు. మీతో కలిసే దాటాలని ఆగాను. ఇప్పుడు పెట్రోలు పేరు చెప్పి ఎగ్గొడతారా?"

"ఎగ్గొట్టడం కాదు! నా చెవుల మీద నమ్మకం లేనిదానితో..."

ఓవెన్ గంట మోగింది. కీ... కీ... కీ... అని సన్నగా, ఆగకుండా. తల్లీ కూతుళ్లిద్దరూ ఒక్కసారే అటు తిరిగారు.

"...నేను మాట్లాడుతుంటే అటు చూస్తారేంటి? ఏముందక్కడ?" అన్నాడు ఆయన ఇంకా కోపంగానే.

కీ... కీ... కీ...

ఆవిడ మెల్లగా ఆయన వైపు తిరిగింది. "ఏవండీ. ఇప్పుడు మీకేం వినపడుతోంది?"

"ఏం వినపడాలి? మీ సణుగుడు తప్ప ఏమీ లేదు."

కూతురు ఓవెన్ దగ్గరికి నడిచి, దాని మీద మిణుకుమంటున్న ఎర్ర దీపం కింద మీట నొక్కింది. దీపం ఆరింది. ఆయన ఆ దీపాన్నీ, కూతురి వేలినీ, పెళ్లాం మొహాన్నీ చూశాడు. గాలి తీసిన ట్యూబులా కుర్చీలో కూలబడ్డాడు.



"ఎన్నాళ్లయింది నాన్నా?" అంది కూతురు పక్కన మోకాళ్ల మీద కూర్చుని. "చెప్పు. నోరు తెరవనివాళ్లని నేను రోజంతా చూస్తూనే ఉంటాను. తెరిపించకుండా వదలను."

నవ్వబోయి నవ్వలేకపోయాడు. "రెండేళ్లు దాటింది. ముందు పిట్టలు పోయాయి. పొద్దున్నే అరవడం లేదేంటి, ఎటో వలస పోయాయేమో అనుకున్నాను. తర్వాత పక్కింటివాళ్ల గేటు కీచుమనడం మానేసింది. పోనీలే, ఇన్నాళ్లకి నూనె వేశారని సంతోషపడ్డాను." "మందమైన చప్పుళ్లు బాగానే వినపడతాయి. సన్నవే పోయాయి. నాకు కావలసినవేమో ఆ సన్నవే."

"మరి షెడ్డులో?"

"బండి తెచ్చినవాడినే మాటల్లో పెట్టి అడుగుతాను, ఎలా ఉంది, ఎప్పుడొస్తుందని. వాడు చెప్పిందే తిప్పి చెప్తాను. మేస్త్రీ భలే కనిపెట్టాడంటారు." తల దించుకున్నాడు. "మొన్న వానాకాలంలో రొట్టెల బట్టీ ఆయన బండి వచ్చింది. ఇలాగే మామూలు పెట్రోలు చాలని పంపాను. నెలకి పిస్టన్ కాలి తిరిగొచ్చింది. ఊరికే బాగుచేసిచ్చాను. ఆయన నాకు దండం పెట్టి వెళ్లాడు. తప్పు నాదని చెప్పలేకపోయాను."

ఆవిడ గరిటె బల్లమీద పెట్టేసింది. ఈ రెండేళ్లూ ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. వెనక నుంచి పిలిస్తే పలకడం మానేశాడు. చెప్పినది కాక ఇంకేదో తెచ్చేవాడు. పక్కలో పడుకుని ఏదో చెప్పుకుంటుంటే ఊఁ కొట్టేవాడు కాదు. లోకువైపోయానని, వయసు మళ్లాక మొగుడికి తన మాట రుచించడం లేదని ఎన్నిసార్లు గోడవైపు తిరిగి పడుకుంది!

"నాతో ఎందుకు చెప్పలేదండీ?" అంది. "పలకకపోతే పొగరనుకున్నాను. నేనంటే విసుగనుకున్నాను."

"చెవి మేస్త్రీకి చెవి పోయిందని ఎలా చెప్పనే? చెవి తీసేస్తే మిగిలేది వట్టి మేస్త్రీ. పొద్దున నువ్వు గొణుగుతోందంటే నమ్మనివ్వలేదు మనసు. కొండ మీద నువ్వు భుజం తట్టినప్పుడల్లా నాకు తెలుస్తూనే ఉంది. ఇంకొంచెం గట్టిగా తిప్పితే నాకూ వినపడుతుందేమోనని తిప్పాను." కళ్లు తుడుచుకున్నాడు. "ఊరు కాని ఊళ్లో ఎవడో ఏదో అడుగుతాడు. నేను వెర్రివాడిలా నవ్వుతూ నిలబడతాను. అది నువ్వు చూస్తావు. అందుకే ఈ ప్రయాణమంటేనే భయం పట్టుకుంది."

ఆవిడ వెళ్లి ఆయన తలని తన నడుముకి ఆనించుకుంది. ఆయన చొక్కా గ్రీజు వాసన. రెండేళ్ల కోపం ఆవిడ గొంతులోంచి ఏడుపై బయటికొచ్చింది. ఓవెన్‌లో కేకు కాస్త మాడింది. ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే కూతురు తీసుకెళ్లి చెవుల డాక్టరుకి చూపించింది. మిషను పెట్టుకుంటే చాలామటుకు వినపడుతుందనీ, చెవి కొలతలకి తగ్గట్టు తయారవడానికి మూడు వారాలు పడుతుందనీ చెప్పారు.

"అయితే ప్రయాణం ఆపుదాం," అంది ఆవిడ. అంత తొందరపడ్డ మనిషి ఆ మాట అనడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఆపొద్దు," అన్నాడు ఆయన. "మనం తిరిగొచ్చేసరికి అదీ తయారవుతుంది. అందాకా నీ చెవులున్నాయిగా." ఆ తర్వాత రొట్టెల బట్టీ దాకా నడిచి వెళ్లి అరగంట ఉండి వచ్చాడు. ఏం మాట్లాడాడో చెప్పలేదు. చేతిలో ఒక వేడి రొట్టె మాత్రం ఉంది.

మధ్యాహ్నమంతా షెడ్డులో కూర్చుని బండి పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాడు. ట్యాంకులో పెట్రోలు మొత్తం పైపుతో లాగేసి, ఆవిడ పాత స్కూటర్‌లో కొంత, డబ్బాలో కొంత పోశాడు. "దీని నొక్కుడు తక్కువ. ఈ పెట్రోలు ఓపికే దీనికి ఎక్కువ," అని కూతురికి చూపించాడు. బంకు దాకా చాలినంత మాత్రం బండిలో ఉంచాడు.

బయల్దేరే రోజు ఆవిడ నడిపింది. ఆయన వెనక కూర్చున్నాడు. ఊరి చివర బంకులో ఆగగానే పంపు దగ్గరున్న అమ్మాయి పైపు అందుకుంటూ ఏదో అడిగింది. రోడ్డు మీద లారీల హోరు. ఆవిడ జవాబు చెప్పబోయి, ఎందుకో ఆగింది. ఆయన బండి దిగి, హెల్మెట్ తీసి, ఆ అమ్మాయికి ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"అమ్మాయ్, నాకు చెవులు సరిగ్గా వినపడవు. కాస్త నా మొహం చూస్తూ గట్టిగా అడుగు."

ఆ అమ్మాయి అదేమీ వింత కానట్టే గొంతు పెంచింది. "ఏది కొట్టమంటారు బాబాయ్? మామూలుదా, తొంభై అయిదా?"

"తొంభై అయిదు," అన్నాడు ఆయన. "నిండా కొట్టు."

ఆవిడ గబుక్కున హెల్మెట్ అద్దం కిందికి లాక్కుంది. కళ్లు కనపడకుండా.