బామ్మర్ది చేతి మోకు

దాసమ్మ సంకటి కెలుకుతుంటే మొగుడు నాగన్న వాకిట్లోకి వచ్చి కూలబడ్డాడు. ఇసక మూట వీపుకి బిగించుకుని యర్రగొండపాలెం బస్సు దారిదాకా పరుగెత్తి వచ్చాడు. పాకిస్తాను యుద్ధం ముగిసిన రెండో ఏడు అది. ఆ నల్లమల గూడెంలోంచి పటాలానికి పోయిన మొదటివాడు నాగన్నే. ఉన్న ఉద్యోగం చాలలేదు కాబోలు, కొత్తగా కూడగడుతున్న కమాండో దళానికి పేరిచ్చి సెలవు మీద వచ్చాడు. వచ్చే నెలలో ఆగ్రాలో పరీక్షలు, ఈ పరుగులు వాటికోసమే.

"వందమంది పోతే ఇరవైమంది నిలుస్తారంట. విమానంలోంచి దూకాల, శత్రువు గడ్డ మీదికి."

"దూకి?"

"దూకి ఏంది? ఎనకమాల నించి పోయి కొట్టాల."

"వాళ్లు నిన్ను కొడితేనో?"

"ఏడుపుమొగం మాని సంకటెయ్యి!"

అదీ వరస! కట్టుకున్నదాని గుండె ఎట్లా కొట్టుకుంటుందో ఆ మహానుభావుడికి పట్టదు.

పరుగు చాలదని, తేనె తీసే కొండగట్టు మీంచి మోకుతాడు పట్టుకుని దిగడం కూడా మొదలుపెట్టాడు. గూడెంలో ఒక కట్టుబాటుంది. పైన మోకు పట్టేది బామ్మర్దే. తోడబుట్టినవాడికి కూడా ఇవ్వరు. బామ్మర్ది మాత్రం ప్రాణం పోయినా అక్కచెల్లెలి బొట్టు చెరపడని నమ్మకం. నాగన్న మోకు పట్టేది దాసమ్మ తమ్ముడు ఆదెయ్య.

ఒక మధ్యాహ్నం దాసమ్మ తమ్ముణ్ణి వాగు దగ్గర పట్టుకుంది.

"రేపు కిందికి చేరేముందు మోకు వదిలెయ్ రా."

"పిచ్చి పట్టిందా అక్కా? నేను పట్టేదే నీకోసం!"

"నాకోసమే వదలమంటున్నా. రెండు బారల ఎత్తులో వదులు. సావడు. కాలు బెణికితే నెల గడిచిపోతాది, ఆగ్రా తప్పిపోతాది. వదలకపోతివా, నీకు అక్క లేదనుకో."

ఆదెయ్య ఏడుస్తూనే ఒప్పుకున్నాడు.

మర్నాడు రెండు బారల ఎత్తులోనే వదిలాడు. కింద బండ ఉంది. కాలు బెణకలేదు, మోకాలి కింద రెండు ముక్కలైంది. మార్కాపురం ఆసుపత్రిలో కట్టు కట్టారు. కట్టు విప్పేసరికి ఆ కాలు నాలుగు వేళ్ల మేర పొట్టి. ఆగ్రా సంగతి సరే, పటాలమే వద్దు పొమ్మంది.

నాగన్న ఇంటికొచ్చిన రోజు అతని తల్లి సుబ్బమ్మ ఆదెయ్యను వాకిట్లో నిలబెట్టి దులిపేసింది.

"థూ! నీ చేతులు పడిపోను! ఈ గూడెంలో ఇంకెవడన్నా నీకు మోకిస్తాడేమో చూస్తా! తేనె లేకుండా ఏం తిని బతుకుతావో బతుకు!"

ఆదెయ్య తల దించుకుని నిలబడ్డాడే గాని అక్క పేరెత్తలేదు. ఇక దాసమ్మకు ఆగలేదు.

"వాణ్ణేమీ అనొద్దత్తా. వదలమన్నది నేను."

సుబ్బమ్మ గుడ్లప్పగించింది. నాగన్న మంచం మీంచి పెళ్లాం వైపు తిరిగాడు.

"పోవద్దని ఒక్కసారన్నా నన్ను అడిగినావా?"

"అడిగితే ఆగేటోడివా మావా?"

"ఆగేటోణ్ణి కాదు," అన్నాడు నాగన్న. "పోయి సచ్చింటే జీవితాంతం నన్ను తిట్టుకునేదానివి. ఇప్పుడెవర్ని తిట్టుకుంటావే?"

నాగన్న బామ్మర్దిని చేత్తో పిలిచాడు.

"రా రా ఆదెయ్యా. నీ తప్పేం లేదు." నాగన్న కాలు చేత్తో ఎత్తి పక్కకు పెట్టుకుని, మంచం మీద జరిగి బామ్మర్దికి చోటిచ్చాడు. సుబ్బమ్మ ఇద్దరికీ సంకటి తెచ్చిపెట్టింది. దాసమ్మను ఎవరూ తిట్టలేదు, పొమ్మనలేదు, పలకరించనూ లేదు.

మొగుడు ఇంట్లోనే ఉన్నాడు. ఇంకెప్పటికీ ఎక్కడికీ పోడు. తను కోరింది కోరినట్టే జరిగిందని తెలిసి, దాసమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కుళ్లి కుళ్లి ఏడ్చింది.